గులాబీ జతపరచిన హెచ్చరిక

మా ఊళ్లో వాక్ స్వాతంత్ర్యానికి ఏ లోటూ లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. ఎవరైనా, ఏమైనా, ఎప్పుడైనా అనవచ్చు. అన్న మాట అవతలివాళ్లకు ఎప్పుడు చేరుతుందన్నది మాత్రం వేరే విభాగం చూసుకుంటుంది. ఆ విభాగంలో నేను తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి ఈ సంగతి చెప్పే అర్హత నాకుంది.

ఊరంతటికీ ఇంటర్నెట్ ఇచ్చేది మా కంపెనీ ఒక్కటే. ఒకప్పుడు రెండుండేవి. రెండో కంపెనీలో చేరదామనుకున్నవాళ్ల దరఖాస్తులు మా తీగల మీదుగానే పోవలసి రావడంతో, అవి చేరేలోపే ఆ కంపెనీ మూతపడింది. దీన్నే ఆరోగ్యకరమైన పోటీ అంటారని మా మేనేజరుగారు శిక్షణ తరగతిలో చెప్పారు. మేమంతా నోట్సు రాసుకున్నాం.

అంతకుముందు రోజుల్లో పరిస్థితి ఎంత అధ్వాన్నంగా ఉండేదో ఇప్పటి పిల్లలకు చెప్పినా నమ్మరు. ఎవరి మాటైనా ఒకే వేగంతో పోయేది. కోటీశ్వరుడి సబ్బు ప్రకటనా, కూరగాయలమ్మే ఆవిడ మేక తప్పిపోయిందని పెట్టుకున్న మొరా ఒకే తీగలో భుజాలు రాసుకుంటూ వెళ్లేవి. తీగకు చిన్నా పెద్దా తేడా తెలిసేది కాదు. ఈ అరాచకానికి స్వస్తి చెప్పడానికి మా మేనేజరుగారు పురమందిరంలో సభ పెట్టి ఒక ఉపన్యాసం చేశారు.

"అయ్యా, రోడ్డు మీద అంబులెన్సు పోతుంటుంది. పిల్లాడు సైకిలు తొక్కుతుంటాడు. రెండూ ఒకే వేగంతో పోవాలంటే ఎలాగండీ? అంబులెన్సుకి దారివ్వద్దా? మనం మనుషులం కామా?"

సభ దద్దరిల్లేలా చప్పట్లు కొట్టారు. ముందు నాలుగు వరుసలూ మా సిబ్బందే. మర్నాటి నుంచి మూడు దార్లు అమల్లోకి వచ్చాయి: మెరుపు దారి, మామూలు దారి, నెమ్మది దారి. మెరుపు దారిలోకి మొదట సబ్బువాళ్లు వచ్చారు. తర్వాత కంపెనీవారి సొంత పాటలూ, సొంత దుకాణమూ వచ్చాయి. ఆసుపత్రివాళ్లు మెరుపు దారికి రుసుం కట్టలేమని రాశారు. కాబట్టి ఆసుపత్రి నెమ్మది దారిలో ఉంది. అంబులెన్సు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మా కార్యాలయం చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉంటుంది. పన్నెండు కుర్చీలు, పన్నెండు తెరలు, ఒక ఏసీ. ఏసీ గాలి మేనేజరుగారి గదిలోకి పోతుంది, చప్పుడు మాకొస్తుంది. గోడ మీద పెద్దక్షరాలతో 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని రాయించారు. మేం జనం రాసుకున్నవన్నీ కూర్చుని చదివేస్తామని బయట ఒక పుకారుంది. ఛీ, అలాంటి పాడు అలవాటు మాకు లేదు. పరాయివాళ్ల మాటలు చదవడం సభ్యతేనా? యంత్రం ప్రతి మాటకీ ఒక రంగు వేస్తుంది. సంతోషమైతే ఆకుపచ్చ, ఏమీ లేకపోతే పసుపు, గాభరా పెట్టేదైతే ఎరుపు. రంగు చూసి మీట నొక్కడం వరకే మా పని. ఆ మీటేదో యంత్రమే నొక్కుకోవచ్చు కదా అని కొత్తగా చేరినావిడ ఒకసారి అడిగింది. తప్పు జరిగితే యంత్రాన్ని సస్పెండ్ చేయడం కుదరదమ్మా అని మేనేజరుగారు ఓపిగ్గా వివరించారు.

ఎరుపు వచ్చిన మాటలు ఆగిపోతాయని అనుకుంటున్నారేమో. ఒక్కటి కూడా ఆగదు. ఆపడమంటే నిషేధం, నిషేధమంటే మాకు అసహ్యం. నెమ్మది దారిలో వేస్తాం, అంతే. సగటున పదకొండు రోజులు పడుతుంది. ఎంతటి గాభరా అయినా పదకొండు రోజులకి దానంతటదే చల్లారుతుందని కంపెనీవారి అధ్యయనంలో తేలింది.

ఫలితాలు కూడా కళ్లారా చూశాం. కుర్చీలు, బల్లలు అమ్మే దుకాణదారు ఒకాయన తన దుకాణం తగలబడుతోంది, నీళ్లు పట్టుకురండి అని రాశాడు. పన్నెండో రోజున జనం బకెట్లతో పరిగెత్తుకొచ్చేసరికి ఆయన పక్కవీధిలో కొత్త దుకాణం తెరుస్తున్నాడు. వచ్చినవాళ్లు మిఠాయి తిని, ఆ నీళ్లతోనే చేతులు కడుక్కుని వెళ్లారు. మా ఊరి కవిగారు గుంతల రోడ్డు మీద ఒక కవిత రాస్తే అది చేరేలోపు రోడ్డే లేకుండా పోయింది. మనిషి తెలివైనవాడు, తర్వాత మా తీగను పొగుడుతూ ఒక కవిత రాశాడు. అది ఆయన చివరి పాదం రాయకముందే ఊరంతా చేరింది. ఊరి కబుర్లు రాసే విలేకరి సైటు తెరిస్తే ఒక గుండ్రం తిరుగుతూ కనిపిస్తుంది. మా మామగారు రోజూ అరగంట ఆ గుండ్రాన్నే చూస్తూ కూర్చుంటారు. బీపీ తగ్గిందంటారు.

ఇక బొటనవేలు పథకం గురించి చెప్పకపోతే కంపెనీవారికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. జనంలో సద్భావన పెంచడం కోసం శుభోదయం బొమ్మలన్నిటినీ రుసుం లేకుండా మెరుపు దారిలో పంపుతారు. ఒక్కో బొమ్మకీ బొటనవేలు గుర్తు పెడితే, పెట్టినవాళ్లకి అయిదు నిమిషాల వేగం కానుకగా వస్తుంది. పథకం మొదలైన వారానికల్లా ఊరంతా సద్భావనతో నిండిపోయింది. తెల్లవారి లేస్తే సూర్యుడు, పావురాలు, ఆవిరి లేచే కప్పులు, అన్నిటికంటే ఎక్కువగా గులాబీలు. నాకు రోజుకి ఎనభై నుంచి తొంభై వస్తాయి. బ్రష్షు నోట్లో పెట్టుకునే అన్నిటికీ బొటనవేలు పెట్టేస్తాను. మా ఆవిడ ఎడమచేత్తో వేళ్లు పెడుతూ కుడిచేత్తో బట్టలు కుడుతుంది, ఒక్క కుట్టు తప్పదు. మా అత్తగారికి కంపెనీవారు 'బొటనవేలి రత్నం' బిరుదిచ్చారు. ఆవిడ వేలికి కట్టు కట్టుకుని మరీ వేదిక ఎక్కింది.

ఇంట్లో ఈ పథకానికి అడ్డం పడే మనిషి ఒక్కతే, మా అమ్మాయి. ఒకటో తరగతి. ఈమధ్యనే అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ దానికి చదువు పిచ్చి పట్టుకుంది. సబ్బు కాగితం చదువుతుంది, బస్సు వెనకాల రాసింది చదువుతుంది, మందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ చదివి అమ్మమ్మ చేతిలోంచి లాక్కుంటుంది. నా ఫోన్లో వచ్చిన బొమ్మలు కూడా ఒక్కోటీ ఆపి చదువుతానంటుంది. దాని దారిన దాన్ని వదిలేస్తే నాకు రోజుకి పది బొమ్మలైనా పూర్తికావు.

ఇక మా అక్క సంగతి.

మా అక్క నీళ్ల శాఖ లాబ్‌లో పనిచేస్తుంది. ఊళ్లో మూడు నీళ్ల ట్యాంకులున్నాయి. రోజూ ఒక్కో ట్యాంకు నుంచి చిన్న సీసాలో నీళ్లు పట్టి, మందు కలిపి, వెచ్చటి పెట్టెలో పెట్టి, మర్నాడు తీసి చూస్తుంది. నీళ్లు బాగుంటే రంగు మారదు, మురుగు కలిస్తే నల్లబడుతుంది. పందొమ్మిదేళ్లుగా అదే పని. అమ్మ పోయాక నన్ను పెంచింది తనే కాబట్టి నోరు కాస్త పెద్దది, నా మీద మరీను.

ఒక సోమవారం పొద్దున మూడో ట్యాంకు సీసా నల్లబడింది. అక్క సైకిలేసుకుని వెళ్లి చూస్తే, మా కంపెనీవారు మెరుపు దారి కోసం కొత్త తీగ వేస్తూ మంచినీళ్ల గొట్టాన్నీ, మురుగు గొట్టాన్నీ ఒకే పోటుతో పగలగొట్టారు. ఆ పైన మట్టి కప్పి, 'మీ సౌకర్యార్థమే ఈ అసౌకర్యం' అని బోర్డు పాతారు. అక్క తన పై అధికారికి నివేదిక ఇచ్చింది. ఆయన చాలా మంచివాడు. నివేదికను ఫైల్లో పెట్టి, వచ్చే నెల సమావేశంలో చర్చిస్తామని, ఈలోగా ఆవిడ తన అభిప్రాయాన్ని ప్రజల్లో స్వేచ్ఛగా చెప్పుకోవడానికి శాఖకి అభ్యంతరం లేదని కాగితం కూడా ఇచ్చాడు. అక్క చెప్పుకుంది. మూడో ట్యాంకు నీళ్లలో మురుగు కలిసింది, ఎవరూ తాగకండి, పిల్లలకు అసలు పట్టకండి అని ఊరందరికీ చేరేలా రాసి పంపింది.

అది నా తెర మీదికే వచ్చింది. ఎరుపు. పంపినవాళ్ల పేరు చూసి ఒక్క క్షణం ఆగాను, అబద్ధమెందుకు. కానీ ఉద్యోగధర్మం దగ్గర అక్కా తమ్ముళ్లేమిటి? చదవకుండా, వివక్ష చూపకుండా నెమ్మది దారి మీట నొక్కాను. నా నిష్పక్షపాతానికి నాకే ముచ్చటేసింది.

మంగళవారం మధ్యాహ్నం అక్క మా ఆఫీసుకొచ్చింది. చేతిలో నల్లబడిన సీసా ఉంది.

"ఏరా, నిన్న నేను పంపింది ఇప్పటికీ ఒక్కళ్లకీ చేరలేదేంట్రా?"

"చేరుతుందక్కా. దారిలో ఉంది."

"ఎప్పటికి చేరుతుంది?"

"వచ్చే శుక్రవారానికి. మధ్యలో సెలవుంది గనక శనివారం అనుకో."

"అప్పటిదాకా జనం ఏం తాగాలిరా?"

"అది మా పరిధిలోది కాదక్కా. నీళ్లు మీ శాఖే కదా."

అక్క నన్ను చూసిన చూపు మా అమ్మ చూపే. సంభాషణ కుటుంబ వ్యవహారంగా మారుతోందని గ్రహించి నేను ముఖ్యమైన ప్రశ్న అడిగాను. "ఇంతకీ మా ఇంటికొచ్చేది ఏ ట్యాంకు?" రెండోది అంది. మనసు తేలికపడింది. అప్పటి నుంచి ఆవిడ చెప్పేదాన్ని ఎలాంటి స్వార్థమూ లేకుండా వినగలిగాను.

గొడవ విని మేనేజరుగారు ఏసీ గదిలోంచి బయటికొచ్చారు. సీసా వైపు చూడకుండా ఉపన్యాసం చేశారు.

"అమ్మా, మీ మాటలో ఒక్క అక్షరం కూడా మేం ముట్టుకోలేదు. అదీ మా సంస్కారం. మాట్లాడే హక్కు మీది, దాన్ని ప్రాణం పెట్టి కాపాడతాం. వినే మూడ్ జనానిది, దాన్నీ కాపాడాలి కదమ్మా. పొద్దున్నే లేవగానే మురుగు, మురుగు అంటే ఎలా చెప్పండి? నోరు మంచిదైతే ఊరు మంచిది."

"ఊరు మంచిదేనండీ. నీళ్లే బాగాలేవు," అంది అక్క.

మేనేజరుగారు ఆవిడ స్పందనకు ధన్యవాదాలు తెలిపి లోపలికి వెళ్లిపోయారు. నేను అక్కని మెట్లదాకా సాగనంపుతూ, తమ్ముణ్ణి కాబట్టి, చెప్పకూడని కిటుకు ఒకటి చెప్పాను. బొమ్మ మీద రాసిన అక్షరాల్ని యంత్రం చదవలేదు. పువ్వు కనిపిస్తే ఆకుపచ్చ వేస్తుంది. కాబట్టి ఒక మంచి గులాబీ తీసుకుని, పైన శుభోదయం అని పెట్టి, కింద నీ మురుగు సంగతి రాసుకో. మూడు సెకన్లలో ఊరంతా చేరుతుంది.

"నేను నీళ్లు పరీక్ష చేసేదాన్నిరా, పూలు పంచేదాన్ని కాదు. చావుకబురుకి ముగ్గు వేసి చెప్పమంటావా? పెంచి పెద్దచేస్తే ఇదా నువ్వు వెలగబెట్టే ఉద్యోగం? ఇంక నీ గడప తొక్కితే ఒట్టు."

ఉన్న మాటంటే ఉలుకెక్కువ అంటారు చూడండి, నాకు కూడా పౌరుషం వచ్చింది. తొక్కకపోతే మానెయ్ అన్నాను. మంచికి పోతే చెడు ఎదురైందని మా ఆవిడతో కూడా చెప్పుకుని బాధపడ్డాను.

ఆ సాయంత్రమే నీళ్ల శాఖవారు అత్యవసర చర్య చేపట్టారు. మూడో ట్యాంకులో మురుగు శాతం ఎక్కువగా ఉందని లెక్క తేలడంతో, దాన్ని తగ్గించే నిమిత్తం రెండో ట్యాంకు నీళ్లు మూడో దాంట్లోకీ, మూడో దానివి రెండో దాంట్లోకీ కలిసేలా మధ్య వాల్వు తిప్పేశారు. శాతం వెంటనే సగానికి తగ్గింది. ఒక్క మాట ఒప్పుకోవాలి. మాటల విషయంలో ఎన్ని దార్లున్నా, నీళ్ల విషయంలో మాత్రం మా ఊళ్లో సమానత్వం ఉంది. మంచినీళ్లూ, మురుగూ ఒకే గొట్టంలో, ఒకే వేగంతో, ఎవరి పట్లా వివక్ష లేకుండా ఇంటింటికీ చేరాయి.

మా వీధికి నీళ్లు రోజు మార్చి రోజు వస్తాయి. బుధవారం రాలేదు. గురువారం తెల్లవారగానే వచ్చాయి.

అదే తెల్లవారుజామున అక్క లాబ్‌కి వెళ్లి బుధవారం పట్టిన సీసాలు తీసి చూసింది. రెండో ట్యాంకు సీసా కూడా నల్లబడి ఉంది. ఆ పూట ఆవిడ ఏమనుకుందో నాకు తెలియదు. ఆరు గంటలకి నా ఫోన్లో ఒక గులాబీ ప్రత్యక్షమైంది. ఎర్రటి గులాబీ, రేకు మీద మంచుబొట్టు, పైన బంగారు రంగులో శుభోదయం. కింద మూడు లైన్లు. నా పద్ధతి ప్రకారం బొటనవేలు పెట్టాను. పెట్టాక చూస్తే పంపింది అక్క. దారికొచ్చింది, అని మా ఆవిడకి చెప్పాను. "అందరూ వచ్చేదే. వదినగారు కాస్త ఆలస్యం," అంది ఆవిడ కుట్టుమిషను మీంచి తలెత్తకుండా.

తర్వాత లెక్క చూశాం. ఆ గులాబీ మూడు సెకన్లలో ఊరంతా చేరింది. తొమ్మిది నిమిషాల్లో పదకొండు వేల బొటనవేళ్లు పడ్డాయి. అప్పటిదాకా అదే రికార్డు. కింద జనం రాసినవి కూడా చూడండి: 'మీకు కూడా శుభోదయం మేడమ్.' 'ఎంత చక్కటి పువ్వో.' 'మనసుకి హాయిగా ఉంది, రోజూ పెట్టండి.' నీళ్ల శాఖ అధికారి రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. మా మేనేజరుగారు స్వయంగా గుండె గుర్తు పెట్టారు.

అరగంట తర్వాత అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు. గడప తొక్కనన్న మనిషి ఫోన్ చేస్తే వెంటనే ఎత్తడానికి నేనేం తేరగా దొరికానా? మళ్లీ చేసింది. మళ్లీ చేసింది. ఏడుసార్లు చేసింది. బాగా తగ్గిందనిపించి ఎనిమిదోసారికి ఎత్తుదామని నిర్ణయించుకున్నాను. ఎనిమిదోసారి చేయలేదు. సైకిలేసుకుని ఇంటింటికీ తిరగడానికి బయల్దేరిందట. అవతలి కొస నుంచి మొదలుపెట్టింది. ప్రతి గుమ్మం దగ్గరా ఇదే వరస: "నీళ్లు తాగకండమ్మా, మురుగు కలిసింది." "పొద్దున్నే మీ బొమ్మ వచ్చిందండీ, లైక్ కొట్టేశాం." తలుపులు మర్యాదగానే వేశారు. మా ఇంటిని ఆఖరికి ఉంచుకుంది. తమ్ముడే కదా, బొమ్మ సంగతి వాడికి తెలుసు, వాడు చదువుకునే ఉంటాడు అనుకుందట. ఆ మాట తర్వాత ఆవిడే చెప్పింది.

ఈలోగా మా ఇంట్లో జరిగింది కూడా చెప్పి తీరాలి. మా అమ్మాయి మామూలుగానే నా ఒళ్లోకి ఎక్కి ఫోన్ లాక్కుంది. గులాబీ దగ్గర ఆగింది. వేలు పెట్టి మొదలుపెట్టింది.

"శు... భో... ద... యం. నాన్నా, ఇంకా ఉంది. నీ... ళ్ల... లో... ము... రు... గు... క... లి... సిం... ది. నీళ్లలో మురుగు కలిసింది. తా... గ... కం... డి. తాగకండి. పి... ల్ల... ల... కు..."

చిన్న అక్షరాలు, అయినా తడబడలేదు. 'ల్ల' ఒత్తు కూడా సరిగ్గా పలికింది. నా చెయ్యి తర్వాతి బొమ్మ కోసం చూస్తోంది, అయినా తండ్రిని కదా, ఛాతీ పొంగింది. "ఎంత బాగా చదివావమ్మా, బంగారు తల్లీ," అన్నాను. గొంతు ఎండిపోయి ఉంటుందని నేనే లేచి వెళ్లి, అప్పుడే పట్టిన నీళ్లు ఒక గ్లాసు తెచ్చి ఇచ్చాను. అది గటగటా తాగింది.

అక్క మా గుమ్మం ఎక్కేసరికి మధ్యాహ్నం రెండయింది. అప్పటికి పిల్ల బాత్రూమ్ నుంచి బయటికి రావడం లేదు.

ఆసుపత్రిలో మంచానికి ఇద్దరు చొప్పున, వరండాలో చాపల మీద మరో నూరుమంది పడుకుని ఉన్నారు. ఒక్కొక్కరి పక్కనా ఒక్కో సెలైన్ సీసా, ఒక్కో ఫోను. డాక్టరమ్మ అటూ ఇటూ తిరుగుతూ అందర్నీ ఒకటే అడుగుతోంది. "ఇంతమందీ అవే నీళ్లు తాగారా? ఎవరూ చెప్పలేదా మీకు?" ఎవరూ చెప్పలేదు డాక్టరుగారూ అని వార్డంతా ఒక్క గొంతుతో చెప్పింది. నేను కూడా గొంతు కలిపాను. మూల మంచం దగ్గర మా అక్క మా అమ్మాయి చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది.

మూడోరోజు మేనేజరుగారు పరామర్శకు వచ్చారు. మా కంపెనీ విచారణ ఒక్క పూటలో పూర్తయిందని ప్రకటించారు. "ఇక్కడ ఎవరి వాక్కునీ ఎవరూ అడ్డుకోలేదని తేలింది. రికార్డు ఉంది. ఈ సోదరి మాట మూడు సెకన్లలో ఊరంతటికీ చేరింది. పదకొండు వేల మంది బాగుందన్నారు. ఇంతకంటే స్వేచ్ఛ ఏ ఊళ్లో ఉందో చూపించండి." ఆ పైన మా అక్కకి 'ఈ వారపు ఉత్తమ శుభోదయం' ప్రశంసాపత్రం అందించారు. పడుకున్నవాళ్లలో చేతికి సూది లేనివాళ్లు చప్పట్లు కొట్టారు. అక్క ఆ పత్రం తీసుకుని, రెండు మడతలు పెట్టి, మా అమ్మాయి మంచం కోడు కింద ఎత్తుకి పెట్టింది. మంచం ఊగడం తగ్గింది.

మూడో వీధి పంతులమ్మగారు నాలుగోరోజు పోయారు. ఊళ్లో సగంమందికి అక్షరాలు నేర్పింది ఆవిడే, నాకు కూడా. సంతాప సందేశానికి ఎరుపు వస్తుంది కాబట్టి త్వరగా చేరాలని గులాబీ జతపరిచి పంపారు. పన్నెండు వేల బొటనవేళ్లు పడి, అక్క రికార్డు చెరిగిపోయింది.

తర్వాతి శనివారం పొద్దున, మాట ఇచ్చిన ప్రకారం, అక్క సోమవారం రాసిన అసలు హెచ్చరిక చేరింది. వార్డులో ఫోన్లన్నీ ఒకేసారి మోగాయి. పువ్వు లేదు, సూర్యుడు లేడు, బొటనవేలు పెడితే వచ్చేదేమీ లేదు. కాబట్టి అందరూ దాన్ని చదివారు. చదివి మండిపడ్డారు. మనుషులు చస్తుంటే ఇన్నాళ్లకా చెప్పేది? ఇంత పెద్ద సంగతి ముందే చెప్పొద్దూ? జీతాలు తీసుకోవట్లేదూ? మంచాల మీద నుంచే సంతకాలు సేకరించి, ఆలస్యంగా హెచ్చరించిన ఉద్యోగినిపై చర్య తీసుకోవాలని అర్జీ పెట్టారు. ఆ అర్జీలో కోపం ఎక్కువున్నా ఎందుచేతో మెరుపు దారిలో పోయింది. సాయంత్రానికి నీళ్ల శాఖ నుంచి అక్కకి సంజాయిషీ నోటీసు వచ్చింది. నాకు మాత్రం పదోన్నతి వచ్చింది. సొంత అక్క అని చూడకుండా మీట నొక్కిన సిబ్బందిగా నన్ను పేర్కొన్నారు.

నోటీసు మా అమ్మాయే చదివి వినిపించింది. అప్పటికి కాస్త కోలుకుని, సెలైన్ సీసా మీదిదీ, మంచం మీది నంబరూ, డాక్టరమ్మ జేబు మీది అక్షరాలూ అన్నీ చదివేసింది. నోటీసు పూర్తిచేసి, అత్త వైపు చూసి, నా వైపు తిరిగింది.

"నాన్నా, ఆ రోజు నేను మొత్తం చదివాను కదా. నువ్వు వినలేదా?"

"విన్నానమ్మా. బాగా చదివావన్నాను కదా."

"మరి నీళ్లెందుకిచ్చావు?"

అక్క నా వైపు చూడకుండా, ఇంటి నుంచి కాచి తెచ్చిన నీళ్లు గ్లాసులో పోసి పిల్లకి అందించింది.

ఈ వృత్తాంతం మీదాకా ఎలా వచ్చిందని మీకు అనుమానం రావచ్చు. తొమ్మిదేళ్లు ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? మా అక్కలా నేరుగా రాసి ఉంటే ఎరుపు వచ్చేది. అందుకని మామగారి గుండ్రమూ, అత్తగారి బొటనవేలూ, కవిగారి తీగా అక్కడక్కడా పెట్టుకుంటూ వచ్చాను. మీరు నవ్వుకున్నారనే అనుకుంటున్నాను. మీలాంటి చదువుకున్నవాళ్లకి అదే గులాబీ. ఇప్పుడు మీ వేలు ఎటు పోతోందో నాకు తెలుసు. పెట్టండి, కాదనను. పెట్టే ముందు ఇంట్లో ఎవరైనా అక్షరాలు కూడబలుక్కునే పిల్లలుంటే పిలిచి, ఇందులో ఏం రాసుందో పైకి చదవమనండి. చదువుతున్నంతసేపూ లేచి నీళ్ల కోసం వెళ్లకండి.